ఫిర్యాదు లేనివాళ్ళు

మమ్మల్ని తిరిగి ఉద్యోగాల్లోకి తీసుకునే బిల్లు సభ ముందుకు వచ్చిందని తెలిసిన రోజునే, ఉతకడానికి తీసిన మా ఆయన చొక్కా జేబులో కుక్క బిస్కెట్లు దొరికాయి. మాకు కుక్క లేదు. మా అత్తగారికి కుక్కలంటే గిట్టదు. ఆ మాటకొస్తే ఆవిడకి మనుషులంటేనే అంతంతమాత్రం.

నేను దేన్నీ ఊరికే నమ్మే రకం కాదు. ఇందులో నా పెంపకం తప్పేమీ లేదు, నా ఉద్యోగం అలాంటిది. ప్రజారోగ్య శాఖలో దోమల సర్వే చేసేదాన్ని. పొద్దున్నే టార్చిలైటూ తెల్ల గరిటే పట్టుకుని గడపగడపకీ తిరగాలి. డ్రమ్ముల్లో, తొట్లలో, పూలకుండీల కింది పళ్ళేల్లో నీళ్ళు చూడాలి. లార్వా కనబడితే దగ్గరుండి పారబోయించాలి. "మా ఇంట్లో ఏం లేవమ్మా" అనని ఇల్లాలిని నేనింతవరకు చూడలేదు. అలా అన్న సగం ఇళ్ళలో కుప్పలు తెప్పలుగా ఉండేవి. అందుకే మాకు మొట్టమొదట నేర్పిన పాఠం, ఉన్నాయా అని అడక్కు, నీళ్ళెక్కడ నిలవ పెడతారో అడుగు అని. ఆ పాఠం నాకు ఎంత వంటబట్టిందంటే, పెళ్ళయి అత్తారింట్లో అడుగు పెట్టిన రోజు కూడా ముందు తొట్టి మూతే చూసి ఉంటాను.

మా ఆయనదీ అదే శాఖ. కాకపోతే ఆయన వీధుల్లో తిరిగే మనిషి కాదు, ల్యాబులో దోమల్ని పెంచే మనిషి. నవ్వకండి, అదీ ఒక ఉద్యోగమే. ఊళ్ళో కొట్టే మందు పనిచేస్తోందో లేదో తెలియాలంటే, ఎన్నడూ మందు మొహం చూడని దోమలు కొన్ని చేతిలో ఉండాలి. మందు వాటిని కూడా చంపలేదంటే సరుకు నకిలీది. వాటిని చంపి వీధి దోమల్ని చంపలేదంటే, వీధి దోమలు మందుకు అలవాటు పడిపోయాయన్నమాట. అలాంటి దోమల వంశం ఒకటి మా ల్యాబులో ఉండేది. మా ఆయన కంటే ముందున్నవాళ్ళ కాలం నుంచి బోనుల్లోనే పుట్టి బోనుల్లోనే పోయిన వంశం అది.

కిందటేడు ఒక్క ఉత్తర్వుతో శాఖలో మా అందరినీ తీసేశారు. జ్వరాలు తగ్గిపోయాయి గనక మేం అక్కర్లేదన్నారు. ల్యాబుకు తాళం వేశారు. నేను ఎదురింటి దర్జీ వదిన దగ్గర కాజాలు కుట్టడానికి కుదిరాను. మా ఆయన పని వెతుక్కోవడానికని రోజూ బయటికి వెళ్ళి, రోజూ ఉత్త చేతులతో వచ్చేవాడు.

బిల్లు సంగతి చెప్పడానికి సంఘం మమ్మల్ని పాత జీపు షెడ్డులో సమావేశపరిచింది. మా నాయకుడు ఒకప్పుడు ఆఫీసు జీపు డ్రైవరు. నోరు తెరిస్తే మూయడు గనక అందరం మైకు అంటాం. తీసేసిన ప్రజారోగ్య సిబ్బందిని పాత పోస్టుల్లోకే, పాత జీతంతో తీసుకుంటారని మైకు చదివాడు. అందరం చప్పట్లు కొట్టాం. చప్పట్లు ఆగాక ఇంకో వాక్యం చదివాడు. ఉద్యోగంలో లేని కాలంలో ప్రజారోగ్యానికి హాని కలిగించే పని చేసినట్టు ఎవరి మీదైనా ఫిర్యాదు రుజువైతే వాళ్ళకు ఈ చట్టం వర్తించదు. చట్టమయ్యాక ఫిర్యాదు ఇవ్వడానికి జనానికి నెల గడువు ఉంటుంది.

"మనమేం హాని చేస్తామయ్యా?" అంది నా పక్కన కూర్చున్న నర్సు.

"నా అనుమానం కూడా అదే," అన్నాడు మైకు. "ఊరికే రాయరు గదమ్మా. ఎవర్నో మనసులో పెట్టుకునే రాశారు. అంతమందిలో ఒక్కడు దొరికినా చాలు, అందరూ అంతేనని బిల్లు మొత్తం మూల పడేస్తారు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకోమనడం లేదు గానీ, ఎవరన్నా ఏదన్నా చేసి ఉంటే ఇప్పుడే చెప్పెయ్యండి."

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన భుజం తడుముకోలేదు గానీ మోచెయ్యి గోక్కున్నాడు.

ఇంటికొచ్చాక ఆ చెయ్యి చూశాను. మోచేతి లోపలి వైపు ఎర్రటి దద్దుర్లు. గ్లాసు బోర్లించి చుట్టూ గీసినట్టు గుండ్రంగా ఉన్నాయి. చెమటకాయలన్నాడు. చెమటకాయలు గీత గీసుకుని లేవడం నేనెక్కడా చూడలేదు. దోమకాట్లు గుర్తుపట్టలేని దానివా అని మీరు అడగొచ్చు. కానీ దోమలు చుట్టూ పంక్తి తీర్చి కూర్చుని కుట్టవు గదా. పైగా అప్పటికే నా అనుమానం కుక్క వైపు తిరిగింది. ఆడదాని అనుమానం ఒకసారి కుక్క వైపు తిరిగాక దోమ వైపు రాదు.

మా పేటలో కుక్కలున్న ఇళ్ళన్నీ నాకు కంఠతా వచ్చు. సర్వేకి వెళ్ళినప్పుడల్లా అవి నన్ను మొరిగి మొరిగి పంపించినవే. ఒక్కొక్క ఇల్లూ తలుచుకుంటూ వచ్చాను. మొగుడితో తెగతెంపులు చేసుకుని అన్నగారి పంచన చేరిన పళ్ళ డాక్టరు చెల్లెలి దగ్గర నా మనసు ఆగిపోయింది. ఆవిడకి తెల్లటి బొచ్చుకుక్క ఉంది. ఆవిడ కూడా తెల్లగానే ఉంటుంది.

ఎక్కడికి వెళ్ళొచ్చారని నేను మా ఆయన్ని అడగలేదు. అది మా పద్ధతి కాదు.

"బయటంతా బురదగా ఉంది. మీ చెప్పులకి మట్టే అంటలేదేం?" అన్నాను.

"ఎక్కువ దూరం తిరగలేదు," అన్నాడు.

"గొడుగు కూడా తడవలేదు."

"చూరుల కింద నిలబడ్డాను."

మా అత్తగారు వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. కత్తి చప్పుడు ఆగింది. మా మాట ఆగాక మళ్ళీ మొదలైంది. ఆవిడకి తెలుసునన్నమాట అనుకున్నాను. కొడుకు ఇంకో ఇల్లు పెట్టినా ఈవిడ ఇలాగే కూరలు తరుగుతుందనుకుని ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు కాజాలు కుట్టడానికి వెళ్తున్నానని చెప్పి దర్జీ వదిన వాళ్ళ కిటికీ దగ్గర, వేలాడేసిన బట్టల వెనక నిలబడ్డాను. ఆయన బయటికి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. వీధి చివర తిరిగాడు. చేతిలో సూదితోనే వెంట పడ్డాను. పళ్ళ డాక్టరు ఇంటి వైపు తిరుగుతాడనుకుంటే తిరగలేదు. సందులోకి వెళ్ళి, పాత గోడ పక్కనుంచి చుట్టూ తిరిగి, మా ఇంటి పెరటి తలుపు తీసుకుని మా ఇంట్లోకే వెళ్ళాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని.

మా ఇంట్లో వెనక ఒక చిన్న గది ఉంది. సంఘం బ్యానర్లు దాచామని చెప్పి ఆయన దానికి తాళం వేసి ఉంచేవాడు. బ్యానర్లలో చూడ్డానికేముందని నేనూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ తాళం తీసి ఉంది, తలుపు మాత్రం లోపలి నుంచి దగ్గరగా వేసి ఉంది. నేను తోయబోతుంటే మా అత్తగారు వంటింట్లోంచి తలెత్తకుండానే అంది.

"తలుపు బార్లా తియ్యకమ్మాయ్. బయటికొచ్చేస్తాయి."

కాస్తగా తీసి, పక్కకు తిరిగి లోపలికి దూరాను. తడిగుడ్డల వాసన, పులిసిన పిండి వాసన. ఆ వాసన ల్యాబు గుమ్మంలో చాలాసార్లు పీల్చాను. కిటికీకి కాగితాలు అంటించి ఉన్నాయి. గోడ పొడుగునా తెల్ల పళ్ళేలు, పళ్ళేల్లో నీళ్ళు, నీళ్ళలో లుకలుకలాడుతూ లార్వాలు. బల్ల మీద దోమతెర గుడ్డతో కట్టిన బోనులు. మా ఆయన గిన్నెలో కుక్క బిస్కెట్లు పొడి చేసి చిటికెలతో పళ్ళేల్లో చల్లుతున్నాడు. పసిపిల్లలకి ఉగ్గు పెట్టేటప్పుడు కూడా మనుషులు అంత జాగ్రత్తగా ఉండరు.

ఊళ్ళో ఏ ఇంట్లో ఒక్క లార్వా కనిపించినా గృహిణికి గడ్డి పెట్టి వచ్చేదాన్ని నేను. నా ఇంట్లో వేలకి వేలు ఈదుతున్నాయి. పక్కనున్న పీట మీద కూలబడ్డాను.

"ల్యాబు మూసేటప్పుడు వేడినీళ్ళు పోసి అన్నిట్నీ చంపెయ్యమన్నారు," అన్నాడాయన. "పోశానని సంతకం పెట్టాను."

"పొయ్యలేదన్నమాట."

"చెయ్యి రాలేదు." బిస్కెట్ల గిన్నె కింద పెట్టాడు. "రేపు బిల్లు గెలిచి మనల్ని తీసుకుంటారనుకో. ల్యాబు తెరవండంటే ఏం పెట్టి తెరుస్తారు? ఈ వంశం పోతే మళ్ళీ రాదు. ఇది లేకపోతే ల్యాబు ఎందుకు, నేనెందుకు?"

"పగటి దోమలేనా ఇవి? చారలవి?"

"అవే."

"జ్వరం తెచ్చేవి."

"జ్వరం మనిషిలో ఉంటుంది, దోమలో పుట్టదు. నీకు తెలియందేముంది. దోమతెర కట్టిన గ్లాసులో పెట్టి మోచేతి మీద బోర్లిస్తాను. నా రక్తం, అమ్మ రక్తం తప్ప వీటికి ఇంకోటి తెలియదు."

"అత్తయ్యగారి రక్తమా?"

"నా చెయ్యి పుండైతే అమ్మ ఇస్తోంది."

"ముసలి రక్తం, వాటికంత రుచించడం లేదు," అంది మా అత్తగారు తలుపవతల నుంచి.

ఇంకో వేళైతే నవ్వేదాన్నే. కానీ నాకు మైకు చదివిన ఆ రెండో వాక్యం గుర్తొచ్చింది. ఎవరో ఎవర్నో మనసులో పెట్టుకుని రాసిన ఆ వాక్యం మా ఇంటి కొలతలు తీసుకుని కుట్టినట్టుంది. వీధిలో ఒక్కరు ఈ గది చూస్తే చాలు. ఆయన ఉద్యోగం, నా ఉద్యోగం పోతే పోయాయి, షెడ్డులో చప్పట్లు కొట్టినవాళ్ళందరివీ పోతాయి. ఉద్యోగాల కోసం దోమల్ని పెంచి వదిలారంటారు. అనక ఏం చేస్తారు? నేనైనా అదే అంటాను.

"కోపం వచ్చిందా?" అన్నాడాయన.

"పళ్ళ డాక్టరు చెల్లెలైతే ఇంత భయపడేదాన్ని కాదు," అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. నేనూ చెప్పలేదు.

వానలు ముదిరాయి. కిందటేడు నుంచీ వీధుల్లో మూతలు తీసి చూసేవాళ్ళు లేరు కదా, జ్వరాలు ఒక్కొక్క వీధికీ పాకాయి. మా వీధి చివరి ఇంట్లో రొట్టెల బండివాడు పడుకున్నాడు. ఆ తరవాత దర్జీ వదిన కూతురు పడుకుంది. కాలేజీ పిల్ల. తల్లికి ఒక్కతే కూతురు. మొదట ఒళ్ళునొప్పులంది. తరవాత కళ్ళ వెనక పోటంది. చిగుళ్ళ నుంచి రక్తం కనబడేసరికి ఆస్పత్రిలో చేర్చారు.

నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు వదిన వార్డు బయట బల్ల మీద కూర్చుని ఉంది.

"మీ బిల్లు ఏమయింది వదినా?" అంది.

"ఇంకా సభలోనే ఉంది."

"అయిపోతుందిలే. జ్వరాలు ఇంకాస్త పెరిగితే అయిపోతుంది." వదిన గొంతులో వెటకారం లేదు, ఉంటే బాగుండేది. "జ్వరాలొస్తేనే గదా మీ అవసరం తెలిసేది."

ఆవిడ దుఃఖంలో అన్న మాట అని సర్దుకున్నాను. కానీ షెడ్డులో మైకు కూడా దాదాపు అదే మాట అన్నాడు. "అనకూడదు గానీ, ఈ జ్వరాలు మనకు కలిసొచ్చాయి. సభ్యులకి భయం పట్టుకుంది." చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. మా ఆయన కూడా ఊపాడు. మిగతావాళ్ళు ఊపితే నాకేమీ అనిపించలేదు.

బోను లోపలికి చెయ్యి పెట్టడానికి ఒక గుడ్డ తొడుగు ఉంటుంది. పని అయ్యాక దాని మూతి బిగించి ముడి వెయ్యాలి. ఆయనది రెండు ముళ్ళ అలవాటు, ల్యాబులో నేర్చుకున్నది. ఆ రోజు షెడ్డు నుంచి వచ్చి వెనక గదిలోకి వెళ్తే చివరి బోనుకు ఒకటే ముడి ఉంది. అదీ వదులుగా. వేలు దూర్చి చూస్తే నా వేలు లోపలికి వెళ్ళింది. నా వేలు పట్టే చోట దోమ పట్టదా?

అనుమానం పెనుభూతమంటారు. ఆ రోజు నుంచి అది మా ముగ్గురితో పాటు నాలుగో మనిషిలా ఇంట్లో తిరిగింది. ఈ దోమలకి జ్వరం లేదు, నిజమే. కానీ ఒక్కటి బయటికి పోయి రొట్టెల బండివాణ్ణి కుట్టిందనుకోండి. ఆ పైన అది మా ఆయన దోమ కాదు, జ్వరం దోమ. అక్కణ్ణించి ఎదురింటికి ఎంత దూరం? పొరపాటున పోయిందా అన్నది ఒక ప్రశ్న. దాన్ని ఎలాగో మింగగలను. రెండో ప్రశ్న గొంతు దిగలేదు. బిల్లు గెలవాలని ఈ మనిషే ముడి విప్పాడా? నాతో కాపురం చేస్తున్నవాడు అలాంటివాడా?

"చివరి బోనుకు ఒకటే ముడి ఉందేం?" అని అడిగాను.

"తొందరలో వేసుంటాను."

"ఏం తొందర?"

ఆయన నా కళ్ళలోకి చూశాడు. ఇరవై ఏళ్ళుగా తెలిసిన మొహం. అందులో ఏమీ దొరకలేదు. దొంగ మొహమూ కాదు, దొర మొహమూ కాదు.

"నన్ను నమ్మవా?" అన్నాడు.

"నమ్మడం నాకు నేర్పలేదు."

ఆయన అల్మారాలోంచి పీల్చే గొట్టం తీసి నా చేతికిచ్చాడు. దోమల్ని పట్టే గాజు గొట్టం అది. ఒక చివర రబ్బరు పైపు ఉంటుంది, అది నోట్లో పెట్టుకుని దోమను గొట్టంలోకి పీలుస్తాం. "ఎదురింటికి వెళ్ళి అక్కడి దోమల్ని పట్టుకురా. దోమల మందు పట్టించిన కాగితం మీద పెడదాం. మనవైతే గంటలో పడిపోతాయి. వీధివైతే నిలబడతాయి. ఈ ల్యాబు ఉన్నదే దీనికోసం గదా," అన్నాడు.

అంత ధైర్యంగా ఇచ్చాడు గనక నిర్దోషి అయి ఉంటాడని అనుకున్నాను. అంత ధైర్యంగా ఇచ్చాడేమిటా అని కూడా అనుకున్నాను.

దర్జీ వదిన ఆస్పత్రి నుంచి బట్టల కోసం వచ్చి ఉంది. నేను కుట్టుమెషిన్ బల్ల కింద, వేలాడే ముదురు రంగు బట్టల మడతల్లో టార్చి వేసి ఒక్కొక్కటే పీలుస్తుంటే గుమ్మంలో నిలబడి చూసింది.

"పట్టు వదినా. ఒక్కటీ మిగల్చకు," అంది.

"ఊఁ."

"మా ఇంట్లో నీళ్ళు నిలవ లేవు, నువ్వే ఎప్పుడూ మెచ్చుకునేదానివి. మరి ఇవి ఎక్కణ్ణించి వచ్చాయంటావు?"

నా నోట్లో రబ్బరు పైపు ఉంది. అది ఉన్నందుకు సంతోషించాను.

ఇరవై దాకా దొరికాయి. వాటిని ఒక గాజు సీసాలో మందు కాగితం మీద వదిలాం. పక్క సీసాలో ఆయన తన బోనులోవి కొన్ని వదిలాడు. మధ్యాహ్నం, బయట వాన. మా అత్తగారు కూడా వచ్చి పీట వేసుకుని కూర్చుంది. ఆయన దోమలు చూస్తుండగానే ఒకటొకటిగా పడ్డాయి. వాటిని అలా చూడడం ఆయనకు కష్టంగా ఉందని తెలుస్తూనే ఉంది. దర్జీ వదిన ఇంటివి మాత్రం సీసా గోడలు పట్టుకుని హాయిగా కూర్చున్నాయి. నాకు ఊపిరాడింది. ఆయన భుజం మీద చెయ్యి వెయ్యబోయాను.

అప్పుడు అందులోంచి ఒకటి పడింది. వెల్లకిలా పడి కాళ్ళు ముడుచుకుంది.

"వీధి దోమల్లో కూడా ఒకటీ అరా పోతాయి," అన్నాడాయన. "ఎప్పుడు చేసినా పోతాయి. ముసలిదై ఉంటుంది. పట్టేటప్పుడు దెబ్బ తగిలి ఉంటుంది."

నిజమే. ప్రతి పరీక్షలోనూ పోతాయి. నాకూ తెలుసు.

"మిగతావి చూడవేం?" అన్నాడు.

"చూస్తున్నాను," అన్నాను. కానీ నేను చూస్తున్నది దాన్నే.

లేచి వెళ్ళి పొయ్యి మీద పెద్ద గిన్నెతో నీళ్ళు పెట్టాను. మరిగాక రెండు గుడ్డలతో పట్టుకుని వెనక గదికి తెచ్చాను. ఆయనకు అర్థమైంది. అడ్డం రాలేదు, బతిమాలలేదు.

"పోసెయ్యి," అన్నాడు. "ఎల్లుండి ఓటింగు. పోసి నిశ్చింతగా ఉండు." అని వీధి గదిలోకి వెళ్ళిపోయాడు.

గిన్నె పట్టుకుని పళ్ళేల ముందు నిలబడ్డాను. పోస్తే గది శుభ్రమవుతుంది, ఫిర్యాదుకు ఆధారం ఉండదు, ఆయన మాత్రం రేపు తెరిచిన ల్యాబులో ఖాళీ బోనుల ముందు కూర్చుంటాడు. పొయ్యకపోతే ఆ ఒక్కటి నా కళ్ళలోంచి పోదు. పోసినా పోదని ఎప్పటికో తట్టింది. అప్పటికి చేతులు కాలడం కూడా మానేశాయి.

"ఇంకా వేడిగా ఉంటే ఇటివ్వు, స్నానం చేస్తాను," అంది మా అత్తగారు. నా చేతిలోంచి గిన్నె తీసుకుని స్నానాలగదిలోకి వెళ్ళింది.

ఓటింగు రోజు షెడ్డులో అందరం రేడియో చుట్టూ చేరాం. ఒక్క సభ్యుడు కూడా మా తరఫున మాట్లాడలేదు. అందరూ జ్వరాల గురించే మాట్లాడారు. ఒకాయన తన మనవరాలికి కూడా వచ్చిందని చెప్పి గొంతు సవరించుకున్నాడు. బిల్లు గెలిచింది. మైకు ఏడ్చాడు. జీవితంలో మొదటిసారి వాడికి మాట రాలేదు. మా ఆయన నా వైపు చూశాడు. నేను నవ్వాను. సంతోషమే, కాదని ఎందుకంటాను. ఆ వారంలోనే దర్జీ వదిన కూతుర్ని ఆస్పత్రి నుంచి ఇంటికి పంపారు. నడవాలంటే గోడ పట్టుకోవాలి, జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది. కానీ బతికింది.

మా ఆయన బోనుల మీద తడి తువ్వాళ్ళు కప్పి వ్యానులో ల్యాబుకు చేర్చాడు. ల్యాబు అధికారి పెద్ద మేడమ్ తాళం తీయించి ఖాళీ గది చూసుకుని నిలబడి ఉందట. బోనులు చూసి ఆయన చెయ్యి పట్టుకుందట. అక్కడితో ఊరుకుంటే బాగుండును. సంతోషం పట్టలేక పత్రికల వాళ్ళని పిలిచింది. ఇంట్లోనే దోమల్ని సాకి ల్యాబును నిలబెట్టిన ఉద్యోగి అని మర్నాడు ఆయన ఫోటో వేశారు. ఒక చేత్తో బోను పట్టుకుని, ఆ బోను తన మనవడైనట్టు నవ్వుతూ ఉన్నాడు. ఫిర్యాదుల గడువు ఇంకా తీరలేదన్న సంగతి ఆ మేడమ్‌కి తట్టలేదు, ఈయనకీ తట్టలేదు. మా అత్తగారు ఆ పేపరు పట్టుకుని వీధి వీధంతా చూపించింది. తన రక్తం సంగతి రాయలేదని చిన్నబుచ్చుకుంది కూడా.

నా మొదటి రౌండు మా వీధితోనే మొదలైంది. దర్జీ వదిన గుమ్మం ముందు ఆగాను. ఎన్నేళ్ళుగానో తోసుకుని వెళ్ళే తలుపు. ఆ రోజు తట్టాను.

వదిన మెషిన్ దగ్గర ఉంది. కూతురు తలకి గుడ్డ కట్టుకుని, కిటికీ పక్కన మంచం మీద కూర్చుని బట్టల్లోంచి పోగులు పీకుతోంది. మణికట్లు పుల్లల్లా ఉన్నాయి. నన్ను చూసి నవ్వింది.

"మీ అత్తగారు పేపరు చూపించారు," అంది వదిన.

"తెలుసు."

"అన్నయ్య ఫోటో బాగా పడింది."

నేను టార్చి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాను.

"ఫిర్యాదు ఇవ్వమని మా తమ్ముడు పోరు పెడుతున్నాడు," అంది. "నేను ఇవ్వను. నువ్వు కుట్టిన కాజాలు ఇంకా నా బల్ల మీదే ఉన్నాయి. కానీ ఒక్క మాట చెప్పు. ఆ రోజు గొట్టంతో పట్టుకుపోయావే, అవి మీ ఇంటివేనా?"

కావు అనొచ్చు. కావనే నా నమ్మకం కూడా, చాలావరకు. చదువుకున్నవాళ్ళెవరు లెక్క చూసినా కావనే అంటారు. కానీ ఆ పిల్ల పోగులు పీకడం ఆపి నా వైపు చూస్తోంది.

"ఒకటి తప్ప కావు," అన్నాను.

"ఆ ఒక్కటి?"

"తెలియదు వదినా. అది తెలిసేది కాదు."

వదిన దారం పంటితో కొరికి తెంపింది. "సరే. నీళ్ళు చూసుకో," అంది.

లోపలికి వెళ్ళి డ్రమ్ము మూత తీశాను. టార్చి వేసి, గరిటె ముంచి, నీళ్ళు నెమ్మదిగా పారబోస్తూ చూశాను. తొట్టి చూశాను. కుండీల కింది పళ్ళేలు చూశాను. ఆ సేపంతా మెషిన్ చప్పుడు వినబడలేదు. వెనక్కి తిరిగితే వదిన వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ నీళ్ళు చూడ్డం లేదు. నా చేతులు చూస్తోంది.

"శుభ్రంగా ఉంది," అన్నాను.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"వచ్చే వారం."

"రా," అంది. "నేను ఇంట్లో ఉన్నప్పుడే రా."